మలేషియాలో ‘కెలింగ్’ అనే మాట

ముద్దుపేర్లే క్రమంగా తిట్లవుతాయని ఒక వ్యాసంలో చదివాను; అందులో మలేషియాలోని తెలుగు, తమిళుల అనుభవాన్నీ చేర్చవలసింది. కళింగం పేరు నుంచి వచ్చిందని భావించే ‘కెలింగ్’ అనే మాట, ఒకప్పుడు బట్టల మూటలతో మలక్కా రేవులో దిగే దక్షిణ భారత వర్తకులను ఏ చులకనా లేకుండా సూచించేది; అక్కడి 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు, పెనాంగ్‌లోని కపితాన్ కెలింగ్ మసీదు నేటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి. బ్రిటిష్‌వారు రబ్బరు తోటలకు కూలీలను రప్పించాక, ఆ మాటకు పేదరికం, నల్లరంగు, కల్లుతాగుడు అంటుకుని, అది తిట్టయింది. ‘సరదాకే అన్నాం’ అని అలా పిలిచేవారు చేసే సమర్థన నాకైతే మింగుడుపడదు. మసీదు పలకపై ఆ పేరు చదివి సాగిపోయేవారే, బడిలో తమ పిల్లవాణ్ణి ఎవరైనా అలా పిలిస్తే ప్రధానోపాధ్యాయుడి గది తలుపు తడతారు. అందులో తప్పేమీ లేదు.