రోడ్డంచు తెల్లగీత గారికి ఒక గెట్టు పంచాయితీ అర్జీ

మహారాజశ్రీ తెల్లగీత గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీ కుశలానికైతే లోటు లేదు. పెయింటులో గాజుపూసలు కలిపారు కాబట్టి రాత్రిళ్ళు కూడా మెరిసిపోతుంటారు. మా కుశలం గురించి మాట్లాడుకుందామనే ఈ అర్జీ.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. హన్మకొండ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం పోయే 163వ నంబరు జాతీయ రహదారి మీద, వెనక రెండు సంచులు వేలాడేసుకుని, మీ పక్కనే సైకిల్ తొక్కుతూ పోయే మనిషిని. ఆ దారిన కారులో పోయేవాళ్ళకు రామప్ప, లక్నవరం, మేడారం కనబడతాయి. బైకు మీద పోయేవాళ్ళకు వాటితో పాటు అడవి కూడా కనబడుతుంది. నాకు మాత్రం పొద్దుటి నుంచి కనబడేది మీరే. చెరువులో కొంగ వాలిందని అటు చూస్తే ఇటు హారన్ మోగుతుంది.

ముందు హద్దులు తేల్చుకుందాం. ఇలాంటి రెండు వరుసల జాతీయ రహదారికి పద్ధతి ప్రకారం నడిమి దారి 7 మీటర్లు, దానికి అటు మీటరున్నర, ఇటు మీటరున్నర తారు అంచు. ఆ 7 మీటర్లు ఎవరివో అడగనక్కర్లేదు, లారీల ముందు అద్దాల మీదే రాసుంటుంది, దేవుడి బొమ్మ కింద. మీకు ఇవతలున్న మీటరున్నర ఎవరిది? సైకిళ్ళు అందులో పోవచ్చని ఎవరో చెబితే నమ్మాను. తీరా దిగి చూస్తే, ఒక్క సర్వే నంబరులో ఇంతమంది కాస్తులో ఉండటం ఏ తహసీల్దారూ చూసి ఉండడు.

మొదటి కాస్తుదారు వడ్లు. మాకు సైకిల్ ఎక్కబుద్ధయ్యే చలికాలమే వానాకాలం పంట కోసి వడ్లు రోడ్డెక్కే కాలం. రైతు మీద నాకు కోపం లేదు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా కాదు. ఊళ్ళో కల్లాలకు ఖాళీ జాగా ఎక్కడుంది, ఉన్నదంతా ప్లాట్లయింది. ఎండకు వేడెక్కిన తారు మీద ఎండినంత త్వరగా వడ్లు ఇంకెక్కడా ఎండవు. నా తగువంతా కుప్ప చుట్టూ వరసగా పేర్చిన బండరాళ్ళతోనే. పొద్దుగూకాక అవి కనబడవు. మీలాగ వాటికి గాజుపూసల వైభోగం లేదు మరి. పగలైతే కాళ్ళతో వడ్లు తిరగేస్తూ ఒక అవ్వ ఉంటుంది. "జర పక్కకెళ్ళి పో బిడ్డా, వడ్లు తొక్కకు" అంటుంది. ఆవిడ చెప్పిన పక్కలో లారీ ఉంటుంది.

వడ్ల తర్వాత ఇసుక. గోదావరి నుంచి వచ్చే ఇసుక లారీలు మీకు తెలియనివా? పైన కప్పిన పట్టా కింద నుంచి ధారగా కారుతూ పోతాయి. కారిన ఇసుకంతా బండ్ల గాలికి కొట్టుకొచ్చి చేరేది మీ ఇవతలికే. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించినప్పుడు, పునాదిలో ఇసుక పోసి దాని మీద అంత రాతి గుడిని నిలబెట్టారట. 800 ఏళ్ళు దాటినా నిలబడే ఉంది, 2021లో యునెస్కో వాళ్ళు వచ్చి ప్రపంచ వారసత్వం అన్నారు. అదే జిల్లాలో, మీ పక్కనున్న ఇసుక మీద నా ముందు చక్రం నాలుగు అంగలైనా నిలబడదు.

ఇక రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు సోదరులున్నారు. చాయ్ దుకాణం ఇటు పక్కే కదా, ఇంత దానికి రోడ్డు దాటడమెందుకని వాళ్ళ న్యాయం. ఖరాబై ఆగిన లారీ ఒకటుంటుంది, దాని వెనక జాగ్రత్త కోసం చెట్టుకొమ్మలు, రాళ్ళు. లారీ పోయినా రాళ్ళు పోవు. బర్రెల సంగతి నేను ఎత్తను. అంతమందిలో నా వైపు తిరిగి చూసి, ఆలోచించుకుని, దారి ఇచ్చేది అవే.

మీ దాయాదులు అడ్డగీతల మీద కూడా ఒక మాట. ఊరు వస్తోంది, మెల్లగా పొమ్మని రోడ్డుకు అడ్డంగా మందంగా పోసిన ఆ గీతలు లారీకి గిలిగింత కూడా పెట్టవు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే నాకు మాత్రం పళ్ళు లెక్క తేలుస్తాయి. ఇంతకంటే మెల్లగా పోవాలంటే నేను దిగి నడవాలి.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను, నొచ్చుకోవద్దు. మీరు నాకు జాగా ఇచ్చానని అనుకుంటున్నారు. మీరు చేసింది లారీకి భరోసా ఇవ్వడం. గీతకు అవతలిదంతా నీదే, ఇవతల ఏం జరిగినా నీకు సంబంధం లేదని చెప్పారు. వడ్లు అడ్డొచ్చో ఇసుక చూసో నేను జానెడు లోపలికి వస్తే, పొలంలో పడ్డ దొంగగొడ్డును చూసినట్టు చూస్తాడు డ్రైవరు. అప్పుడు బ్రేకు నొక్కడం ఆయనకు అవమానం. పక్క నుంచి దూసుకుపోయే లారీ గాలి సైకిల్‌ను ముందు బయటికి నెడుతుంది, లారీ తోక దాటేటప్పుడు లోపలికి లాగుతుంది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో పెనుగాలికి వేల చెట్లు కూలితే శాస్త్రవేత్తలు వచ్చి కారణాలు వెతికారు. నాకు రోజూ వీచే గాలికి కారణం వెతకనక్కర్లేదు, దాని నంబరు ప్లేటు కూడా కనబడుతుంది.

పెద్ద రోడ్డు వదిలి ఊళ్ళ మీదుగా చెరువుల వైపు తిరిగితే సన్నటి తారు దారులు వస్తాయి. చాలా చోట్ల మీరుండరు. అక్కడ ట్రాక్టరు, నేను, మేకల మంద ఒకే దారిలో పోతాం. ఎదురైన ప్రతివాడూ వేగం తగ్గించి, ఎవరు ఎటు జరగాలో కళ్ళతోనే మాట్లాడుకుంటాడు. ట్రాక్టరాయన ఆపి మరీ "ఏడికెళ్ళి సార్, బండి ఖరాబైందా?" అని అడుగుతాడు. నేను కావాలనే సైకిల్ మీద వచ్చానంటే నమ్మడు, అది వేరే సంగతి. చెరువు కట్టల మీదైనా అంతే. మనిషికీ గొడ్డుకీ ఒకటే బాట. ఈ కట్టలు పోసిన కాకతీయుల కాలంలో మీ పెయింటు దొరక్కపోబట్టి బతికిపోయాం.

లారీలకు భయమూ భక్తీ లేవని కూడా అనను. ములుగు పొలిమేరలో గట్టమ్మ తల్లి ఉంది చూడండి. మేడారం పోయే బండి ఆ తల్లి దగ్గర ఆగాల్సిందే. దిగుతారు, కొబ్బరికాయ కొడతారు, మొక్కి కదులుతారు. ఆ తల్లి ముందు ఒక్క గీత గీయకుండానే ఇదంతా జరుగుతుంది. మీరు వందల కిలోమీటర్ల పొడుగున పడుకుని ఒక్క బండినీ ఆపలేకపోతున్నారు. వీలైతే ఆవిడ దగ్గర కొన్నాళ్ళు పని నేర్చుకోండి.

రెండేళ్ళకోసారి వచ్చే సమ్మక్క సారలమ్మ జాతరప్పుడు ఎలాగూ మీరు సెలవులో ఉంటారు. బెల్లం బంగారమయ్యే ఆ నాలుగు రోజులూ మీకు ఇవతల దుకాణాలు, అవతల జనం. అప్పుడు సైకిల్ మీద వచ్చేంత పిచ్చి నాకు లేదు. పస్రా దాటాక అడవిలో, మాఘ ఫాల్గుణాల్లో టేకాకులు రాలి మిమ్మల్ని కప్పేసిన చోట కూడా మీతో పేచీ లేదు. మిగతా చోట్ల, మిగతా రోజుల్లో, ఈ మీటరున్నర నా పేరు మీద పట్టా చేయించమని అడగను. కౌలుకు ఇప్పించినా చాలు. వడ్లు తీసేశాక రాళ్ళు కూడా తీసేయాలని, ఇసుక వారానికోసారైనా ఊడ్వాలని అందులో రాయించండి.

ఇట్లు,
మీకు ఎడమ పక్క కాస్తుదారు

తా.క.: బొగత జలపాతం వానల్లోనే చూడాలంటారు కాబట్టి మళ్ళీ శ్రావణంలో వస్తున్నాను. తడిసిన మీ మీద చక్రం పడితే జారుతుంది. వానలో మెరవడం తగ్గించుకుని కాస్త గరుకుగా ఉండే మందేదైనా ఉంటే వాడి చూడండి.