తోడేలు పోయె, డేగ వచ్చె

మంచు సీజను దగ్గర పడింది కాబట్టి ప్రజాహితం కోరి ఒక ముఖ్య ప్రకటన చేస్తున్నాం. మీ స్కీలు, అదే కాళ్ళకి తగిలించుకుని మంచు కొండ మీద జారే ఆ పొడుగాటి పలకలు, పాతబడిపోయాయి. నిరుడు కొన్నవే కదా అంటారా? ఆ అమాయకత్వమే కొంప ముంచుతుంది. నిరుడు వాటి మీద నోరు తెరిచిన తోడేలు బొమ్మ ఉండేది. ఈ ఏడాది అదే స్కీ మీద రెక్కలు చాచిన డేగ ఉంది. అడుగు నలుపు పోయి నారింజ రంగు వచ్చింది. మోడల్ పేరు చివర ఒక అక్షరం అదనంగా తగులుకుంది. ఇంత విప్లవం జరిగాక కూడా ఆ తోడేలు మీదే నిలబడి కొండ దిగుతానంటే మీ ఇష్టం. కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ దగ్గర క్యూలో నలుగురూ మీ కాళ్ళ వంక చూసి మొహాలు తిప్పుకుంటే మాత్రం మా పూచీ లేదు.

తోడేలు వివరాలూ డేగ వివరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. పొడవులు అవే. నడుము, అంటే స్కీ మధ్యభాగం, వెడల్పు అదే 94 మిల్లీమీటర్లు. మలుపు వ్యాసార్థం అదే. లోపలి చెక్క అదే, ఫైబర్‌గ్లాసు అదే, ఉక్కు అంచు అదే. బరువు దగ్గరైనా ఏదో తేడా పెట్టి ఉంటారని ఆశపడ్డాను, అక్కడా గ్రాము కదల్లేదు. డేగ వివరాల పైనున్న వాక్యం మాత్రం ‘కొండతో మీ బంధాన్ని తిరగరాసే సరికొత్త అనుభూతి’ అంటోంది. ఇందులో రహస్యమేమీ లేదు. కొత్త స్కీకి అచ్చు తయారు చేయించడం ఖరీదైన పని కనుక ఒక అచ్చుని రెండు మూడేళ్ళు నడుపుతారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, స్కీ ఏమన్నా ఏటా పుచ్చిపోతుందా? అచ్చు మారని సంవత్సరంలో కూడా కొత్తది వచ్చిందని డప్పు కొట్టాలి, అక్కడొచ్చింది చిక్కు. అందుకే డేగ.

స్కీ నిజంగా మారిన రోజులూ ఉన్నాయి. 1950లో హొవార్డ్ హెడ్ అనే విమానాల ఇంజినీరు అల్యూమినియం రేకుల మధ్య చెక్కను అతికించి స్కీ చేశాడు. అప్పటిదాకా ఉత్త చెక్క మీద జారుతున్నవాళ్ళకి మలుపు తిప్పడం ఒక్కసారిగా తేలికైపోయింది. 1990ల్లో ఎలాన్ కంపెనీ ఎస్‌సీఎక్స్ అని నడుము బాగా సన్నగా, రెండు కొసలూ వెడల్పుగా ఉన్న స్కీ తెచ్చింది. పక్కకి వాలిస్తే చాలు, స్కీయే తిరిగేది. 2000ల తొలినాళ్ళలో షేన్ మెకాంకీ అనే సాహసి నీటి మీద జారే స్కీలను చూసి, ఉన్న ఆకారాన్ని తలకిందులు చేసి, కొసలు పైకి లేచే స్కీ చేయించాడు. లోతైన మంచులో మునిగిపోకుండా తేలడమన్నది ఆ తర్వాత ఇంకా తేలికైంది. మూడు మార్పులకి అర్ధ శతాబ్దం పట్టింది. మన డేగ గారికి పన్నెండు నెలలు చాలాయి.

అసలు వేడుక చూడాలంటే దుకాణంలోనే చూడాలి. కౌంటరు దగ్గర కూర్చోవడానికి బల్ల ఉంటే తప్పకుండా కూర్చోండి, టికెట్ లేని వినోదం. ఒకాయన లోపలికొస్తాడు. గోడకి ఆనించిన స్కీల ముందు చేతులు వెనక్కి కట్టుకుని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడుస్తాడు. ఒకదాన్ని ఎంచుకుంటాడు. వెనక కొసని, అంటే తోకని, తివాచీ మీద ఆనిస్తాడు. ఎడమ చేత్తో ముందు కొస పట్టుకుంటాడు, కుడి అరచెయ్యి సరిగ్గా నడుము మీద పెట్టి ఒక్క నొక్కు నొక్కుతాడు. కళ్ళు మూసుకుంటాడు. నాడి చూసే వైద్యుడిలా కాసేపు నిశ్శబ్దం. దుకాణమంతా ఊపిరి బిగబడుతుంది. ‘ఊఁ...’ అంటాడు. ఆ ఊఁలో ఏముందో ఆ పరమాత్మకే తెలియాలి. పక్కనున్న బావమరిదికి అందిస్తాడు. అతనూ నొక్కుతాడు. ‘మధ్యలో మెత్తగా ఉంది బావా, తోక మాత్రం గట్టిదే’ అంటాడు. ‘అదే నేనూ అనుకున్నా’ అంటాడు బావ. తర్వాత స్కీని బోర్లా తిప్పి, ఒక కన్ను మూసి, అడుగు పొడవునా చూస్తాడు. వంకర కనబడలేదన్న నిరుత్సాహం మొహంలో తెలుస్తూనే ఉంటుంది. వేలి కణుపుతో రెండుసార్లు తడతాడు. చెవి దగ్గర పెట్టుకుంటాడేమోనని నేను ఎదురుచూస్తూనే ఉన్నా.

వేగంగా మలుపు తీసుకునేటప్పుడు స్కీ మీద పడే బరువు మనిషి ఒంటి బరువును మించుతుంది. అదీ అడుగంతా నేల మీద పరుచుకున్నప్పుడు కాదు, ఒక్క అంచు మీద నిలబడినప్పుడు. గట్టి మంచులో ఆ అంచు పట్టు వదలకుండా ఉండాలంటే స్కీ నిలువునా ఎంత వంగుతోందన్నది ఒక్కటే చాలదు, అడ్డంగా మెలి తిరగకుండా ఎంత ఓర్చుకుంటోందన్నది చూడాలి. తివాచీ మీద అరచేత్తో నొక్కితే ఆ రెండోది పిసరంత కూడా తెలియదు. ఆ మాట పైకి అనడానికి మనసొప్పదు, అంత నమ్మకంగా మూసిన కళ్ళని ఎవరు తెరిపిస్తారు? ఈలోగా ఆయన అమ్మకాల కుర్రాణ్ణి పిలుస్తాడు. ‘ఇందులో టైటానల్ ఉందా తమ్ముడూ?’

‘రెండు పొరలుంది సార్.’

‘చూశావా, టైటానియం!’ అని బావమరిది వైపు తిరుగుతాడు. టైటానల్ అల్యూమినియం మిశ్రమ లోహం. కుర్రాడికి ఆ సంగతి తెలుసు. తెలిసీ నవ్వుతూ నిలబడతాడు, అతని ఉద్యోగం అలాంటిది. చివరికి ఇంత పరీక్షా అయ్యాక, గంభీరమైన గొంతుతో, ఆ సాయంత్రానికంతటికీ కీలకమైన ప్రశ్న వస్తుంది. ‘డేగ ఒక్కటేనా, వేరే రంగు లేదా?’

తర్వాతి అంకం బైండింగు, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు. పడ్డప్పుడు బూటు స్కీ నుంచి ఎంత బలానికి ఊడి రావాలో చెప్పే అంకె ఒకటుంటుంది, దాన్ని డిన్ అంటారు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మనిషి జారే తీరు, ఈ ఐదూ చూసి పట్టికలోంచి తీస్తారు. యాభై దాటితే ఒక మెట్టు తగ్గిస్తారు. ఇదంతా కాలు విరగకుండా మిగలడం కోసం. మన వీరుడు మాత్రం దాన్ని పరీక్షలో మార్కులనుకుంటాడు. తనకి లెక్క ప్రకారం ఆరో ఆరున్నరో వస్తుంది. కొనేది 16 దాకా పోయే బైండింగు. అందులో ఆరు అంటే స్కేలు అడుగున మొదటి గీత. అక్కడ పెట్టించుకుని, పైనున్న పదహారు నలుగురికీ కనబడేలా పార్కింగులో స్కీలు భుజాన వేసుకుని నడుస్తాడు. జారే తీరు అడిగితే ‘దూకుడుగా’ అంటాడు, బరువు అడిగితే కాలేజీ రోజులది చెబుతాడు. ఒక అబద్ధం అంకెని పైకి లాగితే రెండోది కిందకి లాగుతుంది. రెండూ కలిసి ఎక్కడో సరైన చోటే ఆగుతాయని దేవుడి మీద భారం వేయడమే.

రెండు కాళ్ళూ ఒకే పలక మీద పెట్టి జారే స్నోబోర్డు వాళ్ళు పక్కన నిలబడి నవ్వుతున్నారు, ఆ నవ్వు కాస్త ఆపుకుంటే మంచిది. 1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ తన కూతుళ్ళ ఆటకోసం రెండు స్కీలు జోడించి ఒక పలక చేశాడు. మొత్తం సరంజామా అంతే. ఇప్పుడు పలక వేరు, బైండింగు వేరు, ఒక కంపెనీ పలకకి నాలుగు రంధ్రాల వరస, ఇంకో కంపెనీ పలకకి పొడుగాటి గాడి, దీని బైండింగు బిగించే బిళ్ళ ఒక్కోసారి దానికి పట్టదు. అడుగు పెడితే టక్కుమని పట్టుకునే బైండింగు కొంటే బూట్లు కూడా దానికి సరిపడేవే కొనాలి. లేసులు బిగించడానికి గుండ్రటి మీట, అది 2001 నుంచీ స్నోబోర్డు బూట్లకి ఉంది. అదే మీట 2023లో స్కీ బూటు గట్టి పైడొప్పకి, అంటే షెల్‌కి తగిలించేసరికి నాగరికత మలుపు తిరిగిందన్నంత హడావుడి చేశారు. జాకెట్ల గురించి చెప్పేదేమీ లేదు. ఇరవై వేల మిల్లీమీటర్ల నీటి స్తంభాన్ని ఆపుతుందని చీటీ మీద రాసి ఉంటుంది, కొన్నవాడు మబ్బు పట్టగానే కాఫీ దగ్గరికి పరిగెడతాడు.

ఇప్పటిదాకా చెప్పింది సరదాకే. డేగ కొనుక్కున్నవాడికి డబ్బు పోతుంది, అంతకుమించి ఏమీ కాదు. కానీ ఆ దుకాణంలోనే ఓ మూల, తివాచీ చిరిగిన చోట, ఒక చిన్న బెంచీ ఉంటుంది. బూట్లు వేసి చూసుకునేది అక్కడ. అక్కడ జరిగేది చూస్తే నాకు నవ్వు రాదు.

మొదటిసారి నేర్చుకోబోతున్న ఒకావిడ కూర్చుంటుంది. కాలు కొలవరు. కొలిచే పలక అక్కడే బెంచీ కింద దుమ్ము కొట్టుకుని ఉంటుంది. స్కీ బూటు సైజు అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో, ఇంతకంటే సులువైన లెక్క ప్రపంచంలో లేదు. అయినా కొలవరు. ‘బయట బూట్లు ఏ సైజు వేస్తారు మేడమ్?’ అని అడిగి ఓ జత తెస్తారు. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకి తగులుతాయి. తగలాలి! మోకాళ్ళు ముందుకి వంచితే మడమ వెనక్కి సర్దుకుని వేళ్ళు వదులవుతాయి, బూటు అలాగే చేస్తారు. ఆ ఒక్క మాట చెప్పడానికి అర నిమిషం పడుతుంది. చెప్పరు. ఆవిడ ‘బిగుతుగా ఉందండీ’ అనగానే ‘అయ్యో, పెద్దది ఇస్తాను మేడమ్, హాయిగా ఉంటుంది’ అని సైజు పెంచుతారు. అర సైజు పెంచితే లోపలి మెత్త తప్ప ఏమీ మారదు, 26కీ 26.5కీ షెల్ ఒక్కటే. కాబట్టి ఒకటిన్నర పెంచుతారు. ‘చలికి రెండు జతల మేజోళ్ళు వేసుకోండి’ అని సలహా కూడా పారేస్తారు. బూటు ఎంత గట్టిదో చెప్పే ఫ్లెక్స్ అంకె అడిగితే తొంభై అంటారు, ఒక కంపెనీ తొంభైకీ ఇంకో కంపెనీ తొంభైకీ పొంతనే ఉండదని చెప్పరు. పావుగంటలో బిల్లు.

తర్వాత కొండ మీద ఏమవుతుందో వాళ్ళకి తెలియదా? బాగా తెలుసు. మడమ లోపల లేచి పడుతుంటుంది. పాదం ముందుకి జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది. పట్టు కోసం ఆవిడ వేళ్ళు ముడుచుకుంటుంది, అరికాలు కొంకర్లు పోతుంది. బకిళ్ళు ఇంకా బిగిస్తే పాదానికి రక్తం ఆడక మొద్దుబారుతుంది. కాలు చెప్పింది స్కీకి చేరదు. తిప్పుదామంటే ముందు బూటులో కాలు తిరుగుతుంది, ఆ తర్వాతెప్పుడో బూటు, దాని తర్వాత స్కీ. పడుతుంది, లేస్తుంది, మళ్ళీ పడుతుంది. మధ్యాహ్నానికి మెట్ల మీద కూర్చుని ‘నావల్ల కాదు, నాకు బాలెన్స్ లేదు’ అని తన్ను తానే తిట్టుకుంటుంది. లేనిది బాలెన్స్ కాదమ్మా, నీ కాలికి సరిపోయే బూటు! నీకు హాయిగా ఉందన్న మాట ఒక్కటి విని, అడ్డం లేకుండా బేరం ముగించుకున్న వాడి నిర్లక్ష్యాన్ని నీ చేతగానితనమని మోస్తున్నావు. వాడు అదే గంటలో డేగ దగ్గర బావా బావమరుదుల ముందు నలభై నిమిషాలు నవ్వుతూ నిలబడ్డాడు. నీ పాదానికి కొలపలక తీయడానికి నడుం వంగలేదు. ఇది అమ్మకం కాదు, మోసం.

అందుకని ఈ సీజను కొనబోయేవాళ్ళు ఒకటే చెయ్యండి. స్కీల గోడ వైపు చూడకుండా నేరుగా ఆ బెంచీ మీద కూర్చోండి. పాదం కొలవమనండి, రెండూ. షెల్‌లోంచి లోపలి మెత్తని, అదే లైనర్‌ని, బయటికి తీయమనండి. ఉత్త షెల్‌లో పాదం పెట్టి, వేళ్ళు ముందుకి ఆనించి, మడమ వెనక చేతి వేలు పెట్టి చూడండి. ఒకటిన్నర సెంటీమీటరు సందుంటే మంచిది, రెండు చేతివేళ్ళకంటే ఎక్కువ పడితే ఆ బూటు మీది కాదు. ఒక పల్చటి మేజోడు చాలు. బకిళ్ళు పెట్టుకుని, మోకాళ్ళు వంచి, అరగంట దుకాణంలోనే అటూ ఇటూ తిరగండి. ‘అలా లైనర్ తీస్తే పాడవుతుందండీ, మేం తీయం’ అన్నాడనుకోండి, లేచి మీ చెప్పులు వేసుకోండి.