ఆవులు తోలుకొచ్చే శాస్త్రం

పొరుగూరి మందను రాత్రికి రాత్రి తోలుకొచ్చేవాణ్ణి మనం దొంగ అంటాం. మన చదువు అంతవరకే. తమిళుల ప్రాచీన వ్యాకరణ శాస్త్రం తొల్కాప్పియం ఆ పనికి ‘వెట్చి’ అని పూవు పేరు పెట్టింది. రాజు పంపిన వీరులు పరాయి నేల నుంచి ఆవుల్ని దొంగచాటుగా తెచ్చి ‘ఓంబల్’ చేయడమే వెట్చి అంది. ఓంబల్ అంటే సంరక్షణ. దొంగచాటు అన్న ముక్కను కూడా దాచలేదు, ‘కళవు’ అని సూత్రంలోనే వేసింది. శాస్త్రకారుడి నిజాయితీని శంకించకూడదు.

వెట్చి అంటే మన నూరువరహాలే. అది తురుముకుని బయల్దేరినవాడికి 14 అంగాలున్నాయి. రెండోది విరిచ్చి: ఊరి పక్కన చెవులు రిక్కించి నిలబడి, ఎవరి నోటో అనుకోకుండా వచ్చే మంచిమాట కోసం కాచుకోవాలి. ఆ తర్వాత వేగులు, ముట్టడి. ఆరో అంగం ఊర్‌కొలై, ఊళ్లోవాళ్లను నరకడం. ఏడోది ఆకోళ్, మందను పట్టడం. ఇక తొమ్మిదోది చూడండి, ‘నోయిన్ఱుయ్త్తల్’: ఆవులకు నొప్పి తగలకుండా తోలుకెళ్లాలి! జీవకారుణ్యం ఆరో అంగంలో కాస్త ఆలస్యమైనా తొమ్మిదికల్లా వచ్చేస్తుంది.

చిక్కంతా ఇక్కడే. మంద దూడ నడకతో నడుస్తుంది, మందను విడిపించుకోడానికి తరిమేవాడు తన నడకతో వస్తాడు. అతని తలలో కరందై, అంటే బోడసరం పూలు. భీష్మద్రోణులు వెంట ఉండి కూడా దుర్యోధనుడు విరాటుడి మందను ఇల్లు చేర్చలేకపోయాడు కదా.

చేరితే పన్నెండో అంగం, ‘పాదీడు’. పంపకాలన్నమాట. తమిళ కావ్యం శిలప్పదికారంలోని వేట్టువ వరి, అంటే వేటగాళ్ల పాట, చదివితే ఆవులు ఎవరెవరి వాకిళ్లు నింపాయో తెలుస్తుంది: కమ్మరి, డప్పు కొట్టేవాడు, యాళ్ అనే తంత్రీవాద్యం వాయించే పాణర్లు, వేగువాడు, పక్షిశకునం చెప్పిన జోస్యుడు, కల్లమ్మే ఆవిడ. ఆవిడ వాటాను తక్కువ చేయకండి. కల్లు పోయనందని రోషమొచ్చిన ఓ వీరుడు విల్లు పట్టి శత్రువుల మంద మీదికి వెళ్లాడని అదే పాటలో ఉంది. ‘అప్పు రేపు’ అన్న బోర్డుకి ఇంత సైనిక ప్రాముఖ్యం ఉందని మనకెవరూ చెప్పలేదు.

ఇదంతా కవుల కల్పన అనుకునేవారు తమిళనాడులోని తేని జిల్లా పులిమాన్‌కోంబై రాళ్లు చూడాలి. 2006లో బయటపడ్డ ఆ తమిళ బ్రాహ్మీ వీరగల్లుల్లో ఒకదాని మీద ‘ఆకోళ్’ అన్న మాటే ఉంది.

చెంగం దగ్గర ఎడుత్తనూరులో పల్లవరాజు మహేంద్రవర్మ కాలపు వీరగల్లు మరొకటి. వీరుడి పక్కన అతని కుక్క, పేరు కోవివన్. ఇద్దరిని కరిచి కాపలా కాసిందని చెక్కారు. ఆ ఇద్దరినీ వెట్చి వీరులనలేదు, ‘కళ్ళర్’ అన్నారు. దొంగలని. గేదెల్ని కాచుకున్న ఊరు మరి.