ముందు మెషిన్, పని తర్వాత చూద్దాం

మొదటే ఒక సంగతి తేల్చేసుకుందాం. డ్రిల్లో రంపమో, చెక్క పని మెషిన్ కొనాలంటే చెప్పుల స్టాండు అనే సాకు కావాలి గానీ, చెప్పుల స్టాండు కావాలంటే మెషిన్ అక్కర్లేదు. కడపలో ఏడు రోడ్ల చుట్టుపక్కల ఎక్కడైనా ప్లాస్టిక్‌ది దొరుకుతుంది, మన ఎండకు రెండేళ్లలో పెళుసెక్కి విరిగితే ఇంకోటి తెచ్చుకోవచ్చు. అయినా ఇంట్లో ఆవిడ "వాకిట్లో చెప్పులు ఎక్కడివక్కడ పడున్నాయి, ఏమన్నా చూడు" అన్న మరుక్షణం ఇంటాయన మనసు ప్లాస్టిక్ అంగడి మీదికి పోదు, హార్డ్‌వేర్ అంగడి మీదికి పోతుంది. ఇది స్వభావం. దీన్ని మార్చడం ఎవరి వల్లా కాలేదు కాబట్టి, కనీసం దీనికో పద్ధతి, క్రమశిక్షణ ఏర్పరచడం సమాజ హితం దృష్ట్యా అవసరమని భావించి ఇది రాస్తున్నాను.

గృహ వడ్రంగి అంటే ఎవరో ముందు చెప్పాలి. వారంలో ఆరు రోజులు బ్యాంకులోనో బళ్లోనో కలెక్టరేట్‌లోనో కూర్చుని, ఆదివారం పొద్దున్నే నాటుకోడి తెచ్చి వంటింట్లో పెట్టేసి, సంగటి ఉడికేలోగా తనకు విశ్వకర్మ పూనాడని గట్టిగా నమ్మేవాడు. బాడిశ, ఉలి, చేతిరంపం అంటే అతనికి చాలా గౌరవం, అందుకే వాటిని ముట్టుకోడు. అతనికి కావలసింది కరెంటుతో తిరిగేది, చప్పుడు చేసేది, పెట్టెతో సహా వచ్చేది.

ఎంపికకు లోకంలో ఎన్ని కొలమానాలున్నా మన దగ్గర చెల్లేది ఒక్కటే: బామ్మర్ది. పండక్కి వచ్చిన బామ్మర్ది ఆ మెషిన్‌ను చేతిలోకి తీసుకుని, బరువు చూసి, గాల్లోనే ఒకసారి బర్రుమనిపించి, "ఎంత పడింది బావా?" అని అడగాలి. అడిగాడంటే మంచి మెషిన్. "ఇలాంటిది మా పక్కింటాయన దగ్గర కూడా ఉంది బావా" అన్నాడంటే అంత ఖర్చూ బూడిదలో పోసిన పన్నీరే. వాట్లు, వోల్టులు, చక్రం వేగం, ఇవన్నీ ఆ ఒక్క పరీక్షకు చేసే ప్రిపరేషన్ మాత్రమే.

వాట్ల సంగతే చూడండి. డ్రిల్లు మీద 600 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది మెషిన్ ప్లగ్గులోంచి లాక్కునే లెక్క, బిట్టు కొన దాకా చేరే బలం కాదు. మోటారు వేడికింత, లోపలి ఫ్యానుకింత, గేర్లకింత పోగా మిగిలిందే మన చెక్కకు. ఈ ముక్క బామ్మర్దికి చెప్పొద్దు, 600 అని చెప్పి ఊరుకోండి. పైగా 230 వోల్టులు రావలసిన ప్లగ్గులోకి మే నెల సాయంత్రం, వీధిలో ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అయ్యాక, ఎంత వస్తుందో ఎవరూ ధైర్యంగా చెప్పలేరు. ముద్దనూరు దగ్గర అంత పెద్ద థర్మల్ స్టేషన్ పెట్టుకున్న జిల్లా మనది! అది చాలదన్నట్టు మనవాడు మిద్దె మీదికి సన్నటి వైరుతో ఎక్స్‌టెన్షన్ లాగుతాడు, ఆ వైరును చుట్ట విప్పకుండానే మెషిన్ ఆన్ చేస్తాడు. అప్పుడు వైరు తన వంతు వోల్టేజీ దారిలోనే తినేసి, చుట్ట మధ్యలో కాగుతూ కూర్చుంటుంది. చెక్క తెగకపోయినా వైరు కాలిన వాసన వస్తుంది కాబట్టి, ఏదో పని జరుగుతోందన్న నమ్మకం కింద వంటింటి దాకా చేరుతుంది.

బ్యాటరీ మెషిన్ల దగ్గరికొస్తే వ్యవహారం ఆధ్యాత్మిక స్థాయికి చేరుతుంది. ఒక కంపెనీ 18 వోల్టులంటుంది, ఇంకో కంపెనీ 20 అంటుంది, ఆ రెండు వోల్టుల తేడా కోసం మనవాడు అర్ధరాత్రి దాకా ఫోన్ చూస్తూ జాగారం చేస్తాడు. రెండింట్లోనూ వరసకు ఉండేవి అవే ఐదు సెల్లులు. నిండా చార్జ్ అయి, పనిలోకి దిగకముందు ఒక్కో సెల్లుకు 4 వోల్టుల చొప్పున లెక్కేసినవాడు డబ్బా మీద 20 రాశాడు, పని మధ్యలో ఉండే సగటు 3.6 చొప్పున లెక్కేసినవాడు 18 రాశాడు, అంతే తేడా. 12 వోల్టులదీ ఇదే కథ: మూడు సెల్లులు, రెండో పద్ధతిలో లెక్కేస్తే 10.8.

జాగ్రత్తపడాల్సింది వోల్టుల్లో కాదు, సంబంధంలో. ఒక కంపెనీ బ్యాటరీ మామూలుగా ఇంకో కంపెనీ మెషిన్‌కు పట్టదు. అంటే మొదటి డ్రిల్లు కొన్నరోజే మీరు ఆ ఇంటితో వియ్యమందారు. రేపు రంపం కావాలన్నా, ఎల్లుండి చెక్కను నున్నగా చేసే సాండర్ కావాలన్నా ఆ ఇంటికే పోవాలి, వేరే ఇంట్లో సగం ధరకు ఇస్తామన్నా చూసి రావలసిందే. అందుకని పిల్లను చూసినట్టు డ్రిల్లును ఒక్కదాన్నే చూసి మురిసిపోకుండా, దాని చుట్టపక్కాలెవరో, ఊళ్లో రిపేరు చేసే దిక్కుందో లేదో కనుక్కోవాలి. మనవాళ్లు ఇవేమీ అడగరు, రంగు చూస్తారు. పసుపంటే డివాల్ట్, ఎరుపంటే మిల్వాకీ. బాష్‌లో మళ్లీ రెండు రంగులు: నీలం పనివాళ్లకు, ఆకుపచ్చ ఇంటి వాడకానికి. ఇంటి వాడకానికే కొంటున్నాడు కదా అని మనవాణ్ని ఆకుపచ్చది కొనమనండి చూద్దాం, మొహం మాడ్చుకుంటాడు. నెలకోసారి పటం మేకుకు రంధ్రం వేసేవాడికి కూడా రోజుకు పది గంటలు పనిచేసేవాడి నీలమే కావాలి.

డ్రిల్లుకు ఒక వంశ చరిత్ర ఉంది, కొనేముందు తెలిసుంటే అంగట్లో గౌరవం. చేతిలో పట్టుకునే ఎలక్ట్రిక్ డ్రిల్లును 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ అనే సంస్థ చేసింది. పిస్తోలు పిడి, వేలితో నొక్కే ట్రిగ్గరు పెట్టి అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ పేటెంటు తీసుకున్నది 1917లో. (సినిమావాళ్లు మన జిల్లా చేతిలో పెట్టని ఆయుధం బహుశా ఇదొక్కటే.) ఇప్పుడు మన అంగళ్లలో ఎక్కువగా అమ్ముడయ్యేది ఇంపాక్ట్ డ్రిల్లు, దాని మీద సుత్తి బొమ్మతో ఒక మీట ఉంటుంది. అది గోడకు, చెక్కకు కాదు. చెక్కకు కావలసింది వేగం తగ్గించుకునే వీలు, స్క్రూ బిగిస్తూ బిగిస్తూ అతిగా తిరగకుండా టక్కున ఆగే క్లచ్చు. ఆ రెండో గుణం మామూలు వైరు డ్రిల్లుకు ఉండదు, చిన్న 12 వోల్టుల బ్యాటరీ దానికి ఉంటుంది. కానీ చిన్నది బామ్మర్ది చేతిలో ఆటబొమ్మలాగా కనిపిస్తుంది కదా, అదీ బాధ.

ఇక మన ప్రాంతపు అసలు సమస్య రాయి. ఎర్రగుంట్ల వైపు పోతే నేల తవ్వితే నాపరాయి, దేశంలో ఎన్నో వంటిళ్ల గట్లు, అరలు కడప బండలతోనే నడుస్తున్నాయి. మనకు రాయి కోయడం తెలిసినంతగా చెక్క కోయడం తెలియదు. అందుకే ఇక్కడ కట్టర్ అంటే ఒకటే అర్థం: నాలుగంగుళాల మార్బుల్ కట్టర్. 110 మిల్లీమీటర్ల చక్రం, నిమిషానికి 12,000 చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. పుట్టింది బండల కోసం. రాతి బ్లేడు తీసి పళ్ల బ్లేడు బిగిస్తే చెక్కా తెగుతుంది కాబట్టి, ధర తక్కువ కాబట్టి, ఏ వీధిలోనైనా రిపేరు చేస్తారు కాబట్టి, ఒక్క కడపే కాదు దేశంలో ఎన్నో చోట్ల ప్లైవుడ్ దీనితోనే కోస్తున్నారు. చెక్క కోసమే చేసిన ఏడంగుళాల సర్కులర్ సా నిమిషానికి 5,000 చిల్లర తిరుగుతుంది, రెండంగుళాలకు పైగా లోతు కోస్తుంది, పైగా దాని కింది గార్డు కోత అవ్వగానే స్ప్రింగుతో దానంతటదే వచ్చి పళ్లను మూసేస్తుంది. మార్బుల్ కట్టర్‌కు ఆ కింది గార్డు లేదు. ఆపాక కూడా పళ్లు కాసేపు బయటే తిరుగుతుంటాయి, మనవాడు దాన్ని అట్లాగే లుంగీ పక్కన నేల మీద పెడతాడు.

ఇంతకంటే ఘనులు ఇంకొందరున్నారు. వెల్డింగ్ షాపు గ్రైండర్‌కు చెక్క బ్లేడు తగిలిస్తారు. దానికి చెక్క మీద ఆనే అడుగు రేకు ఉండదు, ఆనించి నడిపించే దారి ఉండదు, బ్లేడు చెక్కలో ఇరుక్కుంటే మెషిన్ చేతులోంచి ఎగిరి ఎటు వస్తుందో దానికే తెలియదు. దీనికి మన సంప్రదాయ రక్షణ ఏర్పాట్లు: కాళ్లకు హవాయి చెప్పులు, పలక కదలకుండా పైన ఎడమ కాలు, పని కనిపించడం లేదని పీకి పారేసిన గార్డు, కళ్లకు మాత్రం సగం మూసిన రెప్పలు. దేవుడు వేళ్లు పది ఇచ్చింది ఒకటో రెండో స్పేర్‌గా ఉంటాయనే అని వీళ్ల సిద్ధాంతం. ముక్కుకు మాస్కు సంగతి ఎత్తితే నవ్వుతారు. చెక్కపొట్టును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులోనే పెట్టింది. 2020లో కొన్న మాస్కులు ఇంకా ఏదో ఒక డ్రాయర్‌లో పడే ఉంటాయి, కానీ అవి పెట్టుకుంటే బామ్మర్ది ఏమనుకుంటాడు?

జిగ్‌సా, అంటే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే చేతి మెషిన్, దాని గురించి మాత్రం గౌరవంగా మాట్లాడాలి. 1940లలో స్విట్జర్లాండ్‌లోని సింటిల్లా కంపెనీ ఇంజినీరు ఆల్బర్ట్ కౌఫ్‌మాన్ తన భార్య కుట్టు మిషన్‌లో సూది తీసేసి రంపపు బ్లేడు పెట్టాడని, అది టకటకా కోస్తుంటే అందులోంచి జిగ్‌సా పుట్టిందని చెప్పుకుంటారు. అదే మనిషి కడపలో పుట్టి, పండగ ముందు రోజు, బ్లౌజులు సగం కుట్టి పెట్టిన మిషన్ మీద ఆ ప్రయోగం చేసి ఉంటే జిగ్‌సా చరిత్ర పోలీస్ స్టేషన్‌లో ముగిసేది. ఏమాటకామాట, ఇంట్లో మొదటిసారి చెక్క కోసేవాడికి ఇంత మర్యాద ఉన్న యంత్రం ఇంకోటి లేదు. వంకరగా కోస్తుంది, గుండ్రంగా కోస్తుంది, మీద పడి వెనక్కి తన్నే గుణం తక్కువ. తిన్నగా కోయమంటే మాత్రం దాని ఇష్టం. పక్కన ఒక పట్టీ బిగించి దాన్ని ఆనించి నడపకపోతే గీత ఒక దారి, కోత ఒక దారి.

చెట్లు కోసే గొలుసు రంపం, అదే చెయిన్‌సా గురించి ఒక్క మాట. కడపలో ఉంటూ చెయిన్‌సా కొనాలనుకోవడం, కొన్నాక టీ అంగడి దగ్గర ఆ సంగతి గొప్పగా చెప్పుకోవడం, రెండూ ఆరోగ్యానికి మంచివి కావు. పాలకొండల్లో ఎర్రచందనం ఉంది, దాని వెనకాల టాస్క్‌ఫోర్స్ ఉంది. మీరు ఎండిన వేప కొమ్మ కోసుకోవడానికే కొన్నారని నేను నమ్ముతాను. నేను నమ్మితే సరిపోదు.

నిజంగానే చెక్క పని చేద్దామనుకునే అమాయకులు కొందరు ఎక్కడో ఉంటారు, వాళ్ల కోసం నాలుగు ముక్కలు. ముందు చిన్న డ్రిల్లు, తర్వాత జిగ్‌సా, చేయి కుదిరాక గార్డు ఉన్న సర్కులర్ సా. డబ్బు మెషిన్ మీద కంటే బ్లేడు మీద పెట్టండి. ఎనిమిదడుగులు, నాలుగడుగుల ప్లైవుడ్ షీటు అంచు చిట్లకుండా రావాలంటే పళ్లు దగ్గరదగ్గరగా ఉన్న బ్లేడు కావాలి, నారతో పాటు పొడుగునా చీల్చడానికి తక్కువ పళ్లది చాలు. జిగ్‌సా, సర్కులర్ సా రెండింటి పళ్లూ మామూలుగా కింది నుంచి పైకి కోస్తాయి కాబట్టి షీటులో అందంగా కనిపించాల్సిన వైపు కిందికి తిప్పి పెట్టుకోవాలి. పలకను కాలితో తొక్కే బదులు దాన్ని బల్లకు బిగించి పట్టే క్లాంపులు రెండు కొనుక్కోండి. నల్లతుమ్మ జోలికి మొదట్లోనే పోవద్దు, బండి చక్రాలకూ నాగళ్లకూ వాడిన కర్ర అది, కొత్త బ్లేడును చూస్తే దానికి వెటకారం. చూశారా, ఈ పేరాలో బామ్మర్దిని మెప్పించే వస్తువు ఒక్కటీ లేదు. క్లాంపు చేతిలో పెడితే ఎవరైనా "ఎంత పడింది బావా" అంటారా?

మెషిన్ వచ్చాక జరిగేది అందరికీ తెలిసిందే. మొదటి ఆదివారం పెట్టె తెరుస్తారు, ఫొటోలు తీస్తారు, ఇంట్లో ఉన్న ప్రతి స్క్రూనూ ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తారు. తర్వాత పెట్టె బీరువా మీదికి చేరుతుంది. అక్కడి నుంచి దానికి విముక్తి కలిగించేది వీధి చివర ఆచారి ఒక్కడే. "సార్, మీ మిషన్ రెండు దినాలు ఇచ్చేది, ఎర్రగుంట్ల కాడ ఒక ఇంటికి తలుపులు బిగించేది ఉండాది" అంటాడు. ఇవ్వండి. ఇయ్యకపోతే రేపు మీ తలుపు బీగం పడనప్పుడు ఆయన రాడు. పైగా మెషిన్ తిరగడానికే పుట్టింది, బీరువా మీద దుమ్ము తాగడానికి కాదు. అయితే రెండు దినాలు అన్నది నెల కావడం మన దగ్గర మామూలు కాబట్టి ఒక జాగ్రత్త తీసుకోవాలి. డ్రిల్లు ఇవ్వండి, బ్యాటరీ రెండూ ఇవ్వండి, బిట్ల డబ్బా కూడా ఇవ్వండి. చార్జర్ మాత్రం ఇవ్వొద్దు. అది మీ ఇంట్లో ఉన్నంతకాలం ఎర్రగుంట్లలో తలుపులు పూర్తయినా కాకపోయినా, ఎల్లుండి పొద్దుగూకేలోగా ఆచారి మీ వాకిట్లో ఉంటాడు.