హాలుపై శ్వేతపత్రం

తెలంగాణలో 2023 డిసెంబరులోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలోనూ, కొత్తగా కొలువుదీరిన ప్రభుత్వాలు ఆర్థిక పరిస్థితిపై శ్వేతపత్రాలు విడుదల చేశాయి. పాతవారు ఏమి మిగిల్చి వెళ్ళారో లెక్క తేలనిదే కొత్త పనికి కొబ్బరికాయ కొట్టరాదన్నది వాటి వెనుక ఉన్న సదుద్దేశం. అదే సదుద్దేశంతో, ఏ ప్రభుత్వమూ ఇంతవరకు పట్టించుకోని ఒక వ్యవహారాన్ని ఇక్కడ పరిశీలించవలసి వస్తున్నది. 1990లలో గృహప్రవేశంతో పాటు ఏర్పడి నేటికీ చెక్కుచెదరని తెలుగు మధ్యతరగతి హాలును, యాభై వేల రూపాయలకు మించకుండా ఈ కాలానికి తగినట్లు మార్చడం సాధ్యమా అన్నది పరిశీలనాంశం. సాధ్యమేనని, అందులో కొంత సొమ్ము మిగులుతుంది కూడానని ముందే చెప్పడం న్యాయం. అయినా ఏ ఇంట్లోనూ అది జరగదని చెప్పడం అంతకన్నా న్యాయం.

మొదట ఆస్తుల వివరం. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల హాలులో ఒక సోఫా సెట్టు, దాని వీపులపై చేతి అల్లిక లేసు గుడ్డలు, ఆ లేసు మాయకుండా పైన పరచిన టర్కీ తువ్వాళ్ళు, గోడ వారగా దివాన్ కాట్, నడిచేవారి మోకాలి చిప్పకు సరిగ్గా తగిలే ఎత్తులో అద్దపు టీపాయ్, ఆ అద్దం కింద ఎప్పుడో జరిగిపోయిన పెళ్ళిళ్ళ శుభలేఖలు ఉంటాయి. ఇవన్నీ సామంతులు. చక్రవర్తి షోకేసు. గోడ పొడవునా, నేల నుంచి అటక దాకా, టేకు పేరు చెప్పి ప్లైవుడ్‌తోనూ, ప్లైవుడ్ కనబడకుండా సన్‌మైకాతోనూ చేయించిన ఈ కట్టడానికి నట్టనడుమ ఒక గూడు ఉంటుంది. ఆ గూటిని 21 అంగుళాల డబ్బా టీవీ కొలతలు తీసుకుని వడ్రంగి కట్టాడు. ఆ టీవీ ఎన్నడో ఒక దసరా ఎక్స్ఛేంజి మేళాలో వెళ్ళిపోయింది. దాని వారసుడిగా వచ్చిన 43 అంగుళాల టీవీకి వెడల్పే 37 అంగుళాలు దాటుతుంది కనుక అది గూటిలో పట్టక ఎదురు గోడకు ఎక్కింది. టీవీ ఎదురు గోడకు ఎక్కింది కనుక సోఫా అటు తిరిగింది. సోఫా అటు తిరిగింది కనుక దాని వీపు షోకేసు తలుపులకు ఆనింది. తలుపులు తెరుచుకోవు కనుక లోపల ఉన్నవన్నీ సురక్షితం. ఖాళీ అయిన గూటిలో వైఫై డబ్బా, బీపీ మాత్రలు, కరెంటు బిల్లులు, ఏ తాళానికి చెందినవో తెలియని తాళంచెవుల గుత్తి కాపురం పెట్టాయి.

అద్దాల వెనుక ఏమున్నదన్నది ఇక చూడాలి. తెల్ల పొణికి కర్రతో చేసిన కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, గాజు పెట్టెలో జానెడు బొబ్బిలి వీణ, ఆగ్రా వెళ్ళినవారు తెచ్చిన తాజ్‌మహల్, పెద్దబ్బాయికి ఏడవ తరగతిలో వక్తృత్వంలో వచ్చిన ద్వితీయ బహుమతి, పదవీ విరమణ నాడు సహోద్యోగులు చందాలు వేసుకుని ఇచ్చిన గడియారం, ఎవరికీ కాఫీ పోయని పింగాణీ కప్పుల సెట్టు. ఈ వస్తువులలో కొన్ని నిజంగా అందమైనవి. తెలుగు హస్తకళలలో దేశం గుర్తించిన మంచి సరుకు ఇక్కడ ఉన్నది. కానీ అది దుమ్ము పట్టిన అద్దం వెనుక, ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకుని, పాఠశాల గ్రూపు ఫోటోకు నిలబడినట్టు నిలబడి ఉన్నది. మన పెద్దలు బొమ్మల కొలువును సంక్రాంతికో దసరాకో కొన్నాళ్ళు పెట్టి, పేరంటాళ్ళకు శనగలు ఇచ్చి, మళ్ళీ భద్రంగా గుడ్డలో చుట్టి పైన పెట్టేవారు. దానిని నిత్యోత్సవం చేసిన ఘనత షోకేసుదే.

ఈ వస్తువులలో ఒక్కదాన్ని కదిలించబోయినా చట్టపరమైన చిక్కులు ఎదురవుతాయి. భారత ప్రభుత్వం 1972లో చేసిన పురావస్తువుల చట్టం ప్రకారం ఒక వస్తువు పురావస్తువు అనిపించుకోవాలంటే కనీసం 100 ఏళ్ళు, రాతప్రతి అయితే 75 ఏళ్ళు నిండి ఉండాలి. ఇంటి చట్టం ఇంత కఠినం కాదు. "అది మీ నాన్నగారు తెచ్చింది" అన్న ఒక్క వాక్యంతో ఏ ప్లాస్టిక్ హంసకైనా ఆ హోదా తక్షణమే లభిస్తుంది. రక్షిత కట్టడాల విషయంలో 1958 నాటి చట్టాన్ని 2010లో సవరించి, కట్టడం చుట్టూ 100 మీటర్ల మేర నిర్మాణాన్ని నిషేధించారు, ఆపైన మరో 200 మీటర్లను నియంత్రిత ప్రాంతం చేశారు. మొత్తం హాలు పొడవే అయిదు మీటర్లు లేదు కనుక, షోకేసు నిలిచి ఉన్నంత కాలం హాలు అంతా నిషిద్ధ ప్రాంతంలోనే ఉన్నట్టు లెక్క. వాస్తు శాస్త్రం కూడా ఈ చట్టానికి అనుబంధంగా పనిచేస్తుంది: నైరుతి మూల బరువు తగ్గరాదు. షోకేసు ఎటువైపు గోడకు ఉన్నా, అది తీస్తామనగానే ఆ వైపు నైరుతి అయిపోవడం పలు ఇళ్ళలో గమనించిన విషయం.

ఇంతకీ ఈ గది ఎవరిది? ఇందులో కొంత చరిత్ర చెప్పుకోక తప్పదు. గోదావరి జిల్లాలలో, నడుమ ఆకాశం కనబడే మండువా చుట్టూ గదులు కట్టుకున్న లోగిళ్ళలో, వచ్చినవారు వీధి అరుగు మీద కూర్చునేవారు. మజ్జిగో మంచినీళ్ళో అక్కడికే వచ్చేవి. ఇంటివారు లోపల మండువా చుట్టూ తిరుగుతూ తమ బతుకు తాము బతికేవారు. లోపలి గోడకు సున్నం వేశారో లేదో అరుగు మీది మనిషికి తెలిసే అవకాశమే లేదు. కాలనీలు, అపార్టుమెంట్లు వచ్చాక అరుగు పోయింది, అరుగు మీది మనిషి లోపలికి వచ్చాడు, ఆయన కోసం ఇంటిలోని అతి పెద్ద గదిని కేటాయించారు. ఆయన ఏడాదికి రెండుసార్లు వస్తాడు. మిగతా రోజులు ఇంటివారు ఆయన సోఫాను తువ్వాళ్ళతో కాపాడుతూ, తాము పడకగది మంచం మీద అన్నం తింటూ, హాలును ఆయన రాకకై సిద్ధంగా ఉంచుతారు. ఆర్థికశాస్త్రంలో దీనిని గైర్హాజరీ భూస్వామ్యం అంటారు. హాలు మార్చాలన్న ఆలోచన సైతం ఇంటివారికి ఇబ్బందిగా ఉండి పుట్టదు. అమ్మాయికి పెళ్ళిచూపులో, కొత్త వియ్యాలవారి రాకో దగ్గరపడినప్పుడు పుడుతుంది.

సంస్కరణల ముసాయిదా సాధారణంగా డాలస్ నుంచి వస్తుంది. అక్కడి కుమారుడు రాత్రికి రాత్రి వాట్సాప్‌లో పంపిన ఛాయాచిత్రాలలో తెల్లటి గోడలు, బూడిద రంగు సోఫా, ఒక మూల ఒకే ఒక్క మొక్క ఉంటాయి. వాటిని నిదానంగా పరిశీలిస్తే ఏ ఒక్క చిత్రంలోనూ సీలింగ్ ఫ్యాను లేదని తేలుతుంది. ఇన్వర్టరు లేదు, దాని బ్యాటరీ లేదు, దోమల జాలీ లేదు, గుమ్మం పక్కన చెప్పుల గుట్ట లేదు, బియ్యం బస్తా లేదు. మే నెల విజయవాడలో ఫ్యాను లేని హాలులో బూడిద రంగు సోఫా మీద కూర్చోగల అతిథి ఇంకా పుట్టవలసే ఉన్నది. "నాన్నా, ఆ బొమ్మలన్నీ తీసేయండి, క్లీన్‌గా ఉంటుంది" అని ఫోనులో చెప్పిన కుమారుడే, తన వక్తృత్వపు బహుమతి కనబడనప్పుడు అరగంట మాట్లాడకుండా ఉండిపోవడం కూడా రికార్డులలో ఉన్నది.

తీయడం నిషిద్ధం కనుక మిగిలిన మార్గం కప్పడం. ఇక్కడి నుంచే బడ్జెట్టు పాలపొంగులా లేస్తుంది. ఇంటీరియర్ పనివారు గదిలోకి రాగానే ముందు పైకి చూస్తారు. ఉన్న కప్పు బాగానే ఉన్నదని చెప్పడానికి వారికి నోరు రాదు. చదరపు అడుగుకు ఇంతని జిప్సం ఫాల్స్ సీలింగ్ మాట్లాడుకుంటే, గది 180 చదరపు అడుగులు కనుక మొత్తం తేలికగానే తేలుతుంది, కానీ ఫ్యాను రాడ్డు పొడవు పెంచడం, కొత్త వైరింగు, అంచుల్లో దాగిన లైటు పట్టీలు ఆ అడుగులలో ఇమడవు. గోడలకు చెమ్మ ఉంటే వాల్‌పేపరో పీవీసీ ప్యానెళ్ళో అతికిస్తారు. చెమ్మ బాత్రూము పైపు నుంచో, డాబా మీది పగులు నుంచో, పునాది నుంచో వస్తుంది. దానిని వెతికి ఆపకుండా పైన ప్యానెల్ కొడితే గోడ ఆరే దారి మూసుకుపోయి, లోపల బూజు పట్టి, రెండు వానాకాలాలు తిరిగేసరికి ప్యానెల్ పొట్ట ఉబ్బించి నిలబడుతుంది. పైన పటారం లోన లొటారం అన్నవారు జిప్సం బోర్డును చూసి ఉండరు గానీ, అంచనా మాత్రం తప్పలేదు.

అన్నిటికన్నా విచిత్రం సోఫా విషయం. పాత సెట్టుకు చట్రం తరచు నిజమైన టేకే అయి ఉంటుంది. స్పాంజి అణగిపోయి, గుడ్డ వెలిసిపోయి ఉంటుందే గానీ కర్ర ఇంకో తరానికి వస్తుంది. సోఫా రిపేరు పనివారిని పిలిచి కొత్త ఫోము, కొత్త గుడ్డ వేయించి, చేతులకు పాలిష్ పట్టించితే అది పెళ్ళికొడుకులా లేస్తుంది. ఈ సంగతి ఎవరికీ తెలియనిది కాదు. అయినా కుటుంబం ఏకగ్రీవంగా తీర్మానించి ఆ టేకును పాత సామాన్ల ఆటోకు అతి చవకగా అప్పగించి, కర్ర పొడిని జిగురుతో అదిమి చేసిన పలకల సోఫాను వాయిదాలపై తెస్తుంది. అదిమిన పొడికి నీళ్ళు తగిలితే ఉబ్బుతుందన్న కారణంగా ఇల్లు తుడిచే అమ్మాయిని సోఫా దరిదాపులకు రానివ్వరు. అంటే, హాలులో తీసేయవలసిన ప్లైవుడ్ షోకేసు చట్టరీత్యా నిలుస్తుంది, నిలుపుకోవలసిన టేకు సోఫా సంస్కరణలకు బలి అవుతుంది. బడ్జెట్టులో సింహభాగం ఈ మార్పిడికే పోతుంది.

దీపాల సంగతి క్లుప్తంగా. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. మన హాళ్ళలో వెలిగేది 6500 కెల్విన్ తెల్లని వెలుగు; బల్బు పెట్టె మీద అంకె అచ్చు వేసే ఉంటుంది. అదే ధరకు 3000 కెల్విన్ బల్బు దొరుకుతుంది, దాని పసుపు వెలుగులో పాత గోడ కూడా పెద్దమనిషిలా కనబడుతుంది. ఇంత చవకైన మార్పు మరొకటి లేదు. కానీ వెలిగించిన మొదటి సాయంత్రమే అమ్మమ్మగారు "ఏమర్రా, కరెంటు వోల్టేజి పడిపోయిందా?" అని అడుగుతారు, పక్కింటి పిన్నిగారు కిటికీలోంచి అదే అనుమానం వ్యక్తపరుస్తారు, మర్నాటికి తెల్ల ట్యూబు మళ్ళీ ఎక్కుతుంది.

ఇక అసలు లెక్క. నాలుగు గోడలు కలిపి 10 అడుగుల ఎత్తున 540 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే 450కి కాస్త అటూ ఇటూ. పెచ్చులూడిన చోట లప్పం, ఒక పూత ప్రైమరు, రెండు పూతల ఎమల్షన్, అందుకు ఏడెనిమిది లీటర్లు. పెయింటరు కూలీ అదనం. పెడన కలంకారీ గుడ్డతో కిటికీ పరదాలు, కింద ఒక వరంగల్ డర్రీ. సోఫాకు ఫోము, గుడ్డ. నాలుగు పసుపు బల్బులు. షోకేసుకు బదులు గోడకు ఒక చెక్క పలక, దాని మీద కొండపల్లి అవతారాలలో నెలకు ఒక్కటి చొప్పున వంతుల ప్రకారం. ఈ జాబితా మొత్తం యాభై వేల లోపు తేలుతుంది. ఒక్కటే షరతు, ఈ లెక్కలో షోకేసు లేదు. ఉంటే పెయింటరు దాని అంచు దాకా వేసి ఆపుతాడు. దాని వెనుక గృహప్రవేశం నాటి లేత ఆకుపచ్చ డిస్టెంపరు, ఒక బల్లి కుటుంబంతో సహా, యథాతథంగా పరిరక్షింపబడుతుంది.

షోకేసును ఒక్కసారిగా తొలగించడం శాంతిభద్రతల సమస్య కనుక, దశలవారీగా ఖాళీ చేయడమే ఆచరణీయం. వారసత్వ వస్తువులను ఎవరి వాటాకు వచ్చినవి వారికి పార్సిల్ చేయవచ్చు. డాలస్‌కు వక్తృత్వపు బహుమతి పంపే ఖర్చు వస్తువు వెల కన్నా ఎక్కువే అయినా, దానిని సంస్కరణ వ్యయంగా భావించాలి. మిగిలినవాటికి ప్రజా పంపిణీ వ్యవస్థ ఇప్పటికే ఉన్నది. ఏ మాఘమాసంలో చూసినా బంధువర్గంలో నాలుగు గృహప్రవేశాలు తప్పవు, ప్రతి గృహప్రవేశానికీ ఒక బహుమతి తప్పదు, గాజు పెట్టెలోని బొబ్బిలి వీణకు పాత, కొత్త అన్న భేదం లేదు. తుడిచి, బంగారు కాగితం చుట్టి పంపితే అది మరొక హాలులో, మరొక అద్దం వెనుక, తన ఉద్యోగంలో చేరుతుంది. పంపే ముందు మాత్రం పెట్టె అడుగున అతికించిన చీటీని విధిగా పరిశీలించి, అది మొదట ఏ బాబాయిగారి ఇంటి నుంచి వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఆయన రెండవ అబ్బాయి ఈ మాఘంలోనే బాచుపల్లిలో ఫ్లాటు గృహప్రవేశం చేస్తున్నాడు.