ప్రెషర్ పెంచితే సరిపోదండీ

మందు బిళ్లల తయారీ మీద వచ్చిన వ్యాసంలో, బిళ్ల విరిగిపోతుంటే ప్రెషర్ పెంచితే చాలని రాశారు. అక్కడే నాకు అభ్యంతరం. జడ్చర్ల దగ్గర ఒక కంపెనీలో కొన్నేళ్లు, పొడిని నొక్కి బిళ్లలు చేసే కంప్రెషన్ మెషీన్ మీద పనిచేశాను. ఓ నైట్ షిఫ్టులో బిళ్లల పైభాగం టోపీలా ఊడి చేతిలోకొచ్చింది. దీన్ని క్యాపింగ్ అంటాం. ప్రెషర్ పెంచినకొద్దీ ఇంకా ఎక్కువ ఊడాయి, ఒకటే టెన్షన్.

మెషీన్‌లో పొడిని అదిమే కడ్డీని పంచ్ అంటాం. అది నొక్కగానే పొడి రేణువులు ముందు దగ్గరికి సర్దుకుంటాయి. ఆపైన, మందుతోపాటు కలిపే పొడుల్లో లాక్టోజ్ లాంటివి ఎక్కువగా పగులుతాయి, మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ లాంటివి నలిగి అతుక్కుంటాయి. పంచ్ పైకి లేచాక బిళ్ల స్ప్రింగులా కాస్త ఉబ్బుతుంది. అతుకు బలం ఆ ఉబ్బును ఆపలేకపోతే టోపీ లేస్తుంది. లోపల చిక్కిన గాలి దానికి తోడు. ఆ రాత్రి మెషీన్ వేగం తగ్గించి, ప్రీ-కంప్రెషన్, అంటే గాలి పోయేలా ముందుగా తేలిగ్గా నొక్కే నొక్కుడు, కొంచెం పెంచాకే దారికొచ్చింది.

పొడి మెషీన్‌కు అంటుకోకుండా కలిపే మెగ్నీషియం స్టియరేట్ ఊసే ఎత్తలేదేం? అది కలిపాక బ్లెండర్ ఎక్కువసేపు తిప్పితే రేణువులకు జిడ్డు పొరలా పట్టి అతుకు చెడుతుంది. అతుకు లేనిదే ఎంత నొక్కినా లాభం లేదు. మా పాలమూరులో జొన్నరొట్టె చేసేవాళ్లనడగండి, వేడినీళ్లు పోయని పిండిని ఎంత గట్టిగా తట్టినా అంచులు పగులుతాయి.