అందరం నడుమ పెట్టుకొనే తిందాం

ఇక్కడ అమెరికాల ఉన్న మన నల్లగొండ, పాలమూరు ఫ్యామిలీలు కలిసి బయట తిందామంటే ఈ మధ్య ఫ్యూజన్ హోటళ్ళకే, అంటే రెండు దేశాల వంటలు కలిపి చేసే హోటళ్ళకే పోతున్నం. మంచిదే, నాకు గూడ ఇష్టమే. కానీ పోయినంక ఎవరి మెనూ వాళ్ళు మొఖానికి అడ్డం పెట్టుకొని ఎవరి ప్లేటు వాళ్ళు చెప్పుకునుడు నాకు అస్సలు నచ్చుతలేదు, అందుల చైనీస్-ఫ్రెంచ్ హోటల్ల అయితే ఇంక నచ్చదు. గుంపుగ పోయినప్పుడు చైనా వాళ్ళ లెక్క అన్నీ నడుమ పెట్టుకొనే తినాలె.

పోయిన ఎండకాలం నాలుగు కుటుంబాలం పోయినం, ఊర్ల నుంచి వచ్చిన పెద్దోళ్ళు గూడ ఉన్నరు. ముందుగాల ఫోన్ చేసి అడిగితే నడుమ తిరిగే పల్లెం ఉన్న గుండ్రటి టేబుల్ ఇచ్చిండ్రు. బాతు వచ్చింది, ఫ్రెంచ్ వాళ్ళ పద్ధతిల దాని కొవ్వులనే సన్న సెగ మీద ఉడికించి తోలు కరకరలాడేటట్టు కాల్చిండ్రు, పక్కన చైనా వాళ్ళ పల్చటి రొట్టెలు, ఉల్లికాడలు, తియ్యటి నల్ల సాస్. దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన మా అత్తమ్మ ఫోర్క్ పక్కకు పెట్టి రొట్టెల ముక్క, ఉల్లికాడ పెట్టి చుట్టి తిన్నది, ఆమెను చూసి పిల్లలందరు చేతులతోనే మొదలుపెట్టిండ్రు. తర్వాత అల్లం ఏసి ఆవిరి మీద ఉడికించిన చేప, తలకాయతోని. వెయిటర్ ముళ్ళు తీసిస్తనంటే వద్దని చెప్పి, చెంప దగ్గరి మెత్తటి కండ అత్తమ్మనే తీసి మనవని ప్లేట్ల ఏసింది. అప్పటిదాక ఫ్రైస్ ఫ్రైస్ అన్న పోరడు మల్ల అడగలే. ఎవరిది వాళ్ళకే చెప్పుకుంటే అంత పెద్ద చేప అసలు టేబుల్ మీదికే రాకపోతుండె.

మన దావత్ల బగార అన్నం, దాల్చా, మటన్ అందరికీ ఒక్కటే గంజులకెల్లి వస్తయి, బంతిల కూసున్నోళ్ళంతా కలిసే తింటరు. కొందరు అంటరు ఫ్రెంచ్ హోటల్‌కు పోతే వాళ్ళ పద్ధతే పాటించాలె గదా అని. ఫ్రాన్స్‌ల గూడ ఒకప్పుడు పెద్దింటి భోజనమంటే చానా వంటకాలు ఒక్కసారే బల్ల మీద పరిచి పెట్టెటోళ్ళు, ఒకటి తిన్నంక ఒకటి తెచ్చుడు 19వ శతాబ్దంల వచ్చిన అలవాటు, దాన్ని వాళ్ళే రష్యా పద్ధతి అంటరు. ఇక్కడ అమెరికాల 1983ల వుల్ఫ్‌గాంగ్ పక్ అనే పేరున్న వంటమాస్టర్ కాలిఫోర్నియాల ఉన్న సాంటా మోనికాల షిన్వా ఆన్ మెయిన్ అని చైనీస్-ఫ్రెంచ్ హోటల్ తెరిచిండు, అండ్ల పేరు పడ్డ వంటకం అల్లంతోని వేయించిన నిండు క్యాట్‌ఫిష్, అది ఒక్కడు తినేదేనా చెప్పుండ్రి.

ఎంగిలి అయితదని మొహమాటపడేటోళ్ళు ఉన్నరు, అడిగితే ప్రతి డిష్‌కు వడ్డించుకునే స్పూన్ వేరే ఇస్తరు, అయిపాయె. నాకు అసలు రంది పెద్దోళ్ళ గురించే. ఎవరిది వాళ్ళు చెప్పుకుంటే కోర్సు కోర్సుకు, అంటే ఒక వంటకం తెచ్చినంక ఇంకొకటి తెచ్చేదానికి, ఎడం ఎక్కువుంటది, షుగర్ గోలీ ఏస్కొని వచ్చిన పెద్దమనిషి ఖాళీ ప్లేటు ముందు అంతసేపు కూసుంటె ఎట్ల, కొన్ని గోలీలకు తిండి లేటైతే షుగర్ పడిపోతది. అడగాలంటే వాళ్ళకు ఇంగ్లీష్ రాకపాయె, కొడుకును కదిలించాలంటే మొహమాటమాయె. నడుమ పెట్టుకుంటే ఏది ముందొస్తే అది తింటరు.

ఇంకొకటి, పెద్దకూర, పంది ముట్టనోళ్ళు మనల చానామంది. ఫ్రెంచ్ వాళ్ళ చిక్కటి గోధుమరంగు సాస్‌లు మామూలుగ దూడ బొక్కలు ఉడికించిన రసంతోని చేస్తరు, చైనా వాళ్ళ ఎక్స్‌ఓ సాస్‌ల ఎండు సముద్రపు జీవాలు, పంది మాంసం పడతయి. పైకి కూరగాయల ప్లేటే కనవడతది, అడగకపోతే తెల్వదు. వేరే వేరే ఆర్డర్ ఇచ్చినప్పుడు ఒక్కొక్కరు అడగరు, సిగ్గుపడతరు, టేబుల్ మొత్తానికి ఒక్కరే చెప్పేటట్టుంటే ఆ ఒక్కరు అందరి తరఫున గట్టిగ అడుగుతరు.

అందుకే దసరా గెట్ టుగెదర్‌కు హోటల్ బుక్ చేసే కమిటీ వాళ్ళను కోరేది ఏందంటే, ఇన్ని సీట్లు అని చెప్పి ఊకోకుండ్రి. గుండ్రటి టేబుళ్ళు అడుగుండ్రి, మెనూ వారం ముందే తెప్పించుండ్రి, ఏ సాస్‌ల ఏముందో రాసి ఇయ్యమనుండ్రి, బిల్లు కుటుంబానికింత అని ముందే అనుకుందాం. పెద్దోళ్ళను చివరి కుర్చీలల్ల కాదు, పిల్లల పక్కన కూసోబెట్టుండ్రి. ఫోన్ చేసి మాట్లాడే పని నాకు అప్పజెప్పినా సరే, నేను చేస్త.